చిరునామా లేనివారు

కూడు, గుడ్డ, గూడు అని మనము ఒక్క ఊపిరిలో చెప్పుదుము. ఆకలిగొన్నవానిని చూచినప్పుడు మన మనస్సు కరగును. గూడు లేనివానిని చూచినప్పుడు మాత్రము, "ఎక్కడివాడో, ఏమి చేసి వచ్చినాడో!" అని సందేహము పుట్టును, చేయి తలుపు గడియ మీదికి పోవును. ఈ సందేహమును గూర్చి నేడు కొంచెము ఆలోచింతము.

2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో, ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి, ఇల్లు లేనివారిని ప్రత్యేకముగా లెక్కించిరి. కాలిబాటలపైన, వంతెనల క్రింద, దేవాలయ మండపములలో, రైల్వే ప్లాట్‌ఫారముల మీద, పెద్ద సిమెంటు గొట్టములలో తలదాచుకొనువారు దేశమున 17 లక్షల 73 వేలమంది యని తేలినది. అందు 7 లక్షలకు పైబడి స్త్రీలు.

వీరు సోమరులని తలచుట పొరపాటు. బజారులో మూటలు మోయువారు, రిక్షా త్రొక్కువారు, చిత్తుకాగితములు ఏరువారు, పెండ్లివిందులలో మన ఎంగిలి పళ్లెములు కడుగువారు వీరిలో ఎందరో కలరు. కూలి దొరకును, ఇంటి అద్దెకు అది చాలదు. ఒకనికి దీర్ఘవ్యాధి, ఒకనికి పంట పోయి పెరిగిన అప్పు, ఒకామెకు భర్తృవియోగము. ఇట్టి దెబ్బ ఒక్కటి చాలును. నెల జీతముతో గడుపుకొను సంసారములకును ఆ స్థితి ఎంతో దూరమున లేదు.

ఇల్లు పోయినవానికి దానితో చిరునామాయు పోవును. రేషను కార్డు, బ్యాంకు ఖాతా, వృద్ధాప్యపు పింఛను, దేనికై పోయినను వాని కెదురగు ప్రశ్న, "మీ ఇల్లెక్కడ?" అనియే.

1985లో బొంబాయి కాలిబాట నివాసుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు, జీవించు హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడియున్నదని చెప్పినది. పనికి దగ్గరగా ఉండవలసియే వారు బాటప్రక్కన నివసించుచున్నారని గుర్తించినది. వారి తొలగింపును పూర్తిగా నిషేధింపకపోయినను, వానకాలము గడచువరకు ఆగవలెనన్నది. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకము, పట్టణ జనాభాలో ప్రతి లక్షకు 100 మందికి చాలునట్టి ఆశ్రయము ఉండవలెనని నిర్దేశించినది. అందు చేరినవారికి గుర్తింపు పత్రములు లభించుటకు తోడ్పడుటయు దాని నియమములలో ఒకటిగా ఉండెను.

కోర్టులును పథకములును అంతవరకు రాగలవు. మిగిలినది మనది. మన పాత ఇండ్లకు వీధి అరుగు ఉండెడిది. అది అందరికిని సమానముగా దక్కినదని చెప్పజాలము. అయినను, బాటసారి యొకడు దానిపై నడుము వాల్చుట వింతగా ఉండెడిది కాదు. నేడు అరుగు పోయి ఇనుప కటకటాలు వచ్చినవి. అరుగు తిరిగి కట్టలేకపోయినను, పనిచేసినవాని కూలిని ఆ సాయంకాలమే ఇయ్యవచ్చును. వాని పేరడిగి ఆ పేరుతో పిలువవచ్చును. మన పట్టణమున రాత్రి ఆశ్రయము ఎచ్చట నున్నదో ముందుగా తెలిసికొని, చలిరాత్రి కనబడిన ముసలివానిని అచ్చటికి తోడ్కొనిపోవచ్చును. గడియ వేసికొనుటకు ముందు ఈపాటి శ్రమ మనకు భారము కానేరదు.