వాడుక మానిన యంత్రము
(పాఠశాల వార్షికోత్సవమున చేసిన ఉపన్యాసము)



మన పిల్లలలో కొందరు రేపు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలలో అడుగిడుదురు. అచ్చటి జాగ్రత్తలలో ఒకదానిని గూర్చి మనవి చేసెదను.

ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర శాఖలో, కెనడానుండి తెచ్చిన గామా కిరణ యంత్రమొకటి ఉండెడిది. అందలి పదార్థము కోబాల్టు-60. 1985 తరువాత దానిని ఎవరును వాడలేదు. 2010 ఫిబ్రవరిలో దానిని పాత సామానుగా వేలము వేసిరి. మాయాపురిలోని పాత ఇనుప దుకాణములలో దానిని విడదీసిరి. పలువురు ఆసుపత్రి పాలైరి. ఏప్రిలులో ఒకరు మరణించిరి.

కోబాల్టు-60 తీవ్రత సుమారు 5.27 సంవత్సరములకొకమారు సగమగును. ఆ లెక్కను 1985లో ఉన్నదానిలో ఇరువదియేడవ వంతు మాత్రమే 2010 నాటికి మిగిలియుండును. ఆ మిగిలినదే ప్రాణము తీసినది! యంత్రమును మనము ఆపవచ్చును. లోని పదార్థము ఆగదు.

కావుననే 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కొనుటకే కాదు, పారవేయుటకును కావలయును. రక్షణాధికారి ఉండవలయును, ఏ గదిలో ఏది ఎంత ఉన్నదో పట్టిక ఉండవలయును. ఆచార్యులు పదవీ విరమణ చేయునపుడు తాళపుచెవులతోపాటు ఆ పట్టికయు చేతులు మారవలయును. వేలపు కాగితముపై సంతకము చేయు గుమాస్తాకు అది తెలియనిచో, గోడకు వ్రేలాడు లైసెన్సు ఎవరిని కాపాడును?

పసుపు పలకపై మూడు రేకుల గుర్తును పిల్లలకు చూపుడు. అది కనబడిన వస్తువును తాకక, దూరముగా జరిగి, పెద్దలకు తెలుపవలెనని చెప్పుడు.