పని దారి పటం – స్పష్టంగా గీయడమెలా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ పనైనా ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోతుందో ముందే తెలిసి ఉండాలి. 1921లో గిల్‌బ్రెత్ దంపతులు పని క్రమాన్ని గుర్తులతో కాగితంమీద చూపే పద్ధతిని అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందుంచారు. 1997లో ప్రమాణంగా ఆమోదం పొందిన యు.ఎం.ఎల్.లో 'యాక్టివిటీ డయాగ్రం' ఉంది. ఇది కంప్యూటరు ప్రోగ్రాములకే కాదు, మన ఆఫీసు పనులకూ పనికొస్తుంది.

స్కాలర్‌షిప్పు దరఖాస్తునే తీసుకుందాం. నల్లని చుక్కతో మొదలు. గుండ్రని మూలల పెట్టెలో ఒక్కొక్క పని. 'దరఖాస్తు' అంటే చాలదు. 'దరఖాస్తు పరిశీలించు' అని రాయాలి. నిర్ణయం చేయవలసిన చోట డైమండు గుర్తు. దాన్నుండి పోయే ప్రతి బాణంమీద చదరపు బ్రాకెట్లలో షరతు: [ఆదాయ పత్రం ఉంది], [లేదు]. చివర వలయంలో చుక్క.

అసలు సంగతి ఇక్కడే ఉంది. 'ఉంది' బాణం అందరూ గీస్తారు. 'లేదు' బాణం మరచిపోతారు. అప్పుడు ఆ దరఖాస్తు బీరువాలోనే పడి ఉంటుంది. ఫీజు గడువు దాటిపోతుంది, ఓ బిడ్డ చదువు ఆగిపోతుంది. బాధ్యత ఎవరిదంటే జవాబుండదు. అందుకే కాగితాన్ని విద్యార్థి, కార్యదర్శి, కోశాధికారి అని నిలువు వరుసలుగా విభజించి, ఎవరి పని వారి వరుసలో వేయాలి. 'లేదు' బాణం 'విద్యార్థికి కబురు పంపు' పెట్టెకు, అక్కడినుండి 'పత్రం తెచ్చివ్వు' పెట్టెకు, ఆపైన మళ్ళీ పరిశీలనకు రావాలి.

అయితే ఆ తిరుగు బాణాన్ని నేరుగా 'పరిశీలించు' పెట్టెకు తగిలించకూడదు. యు.ఎం.ఎల్. 2 నియమం ప్రకారం ఒక పెట్టెలోకి రెండు బాణాలొస్తే, రెండు దారులూ అందేవరకు ఆ పని మొదలే కాదు. మొదటిసారి రెండో దారి రానే రాదు గదా! కనుక రెంటినీ ముందు ఒక డైమండులో కలిపి, ఒకే బాణం పెట్టెకివ్వాలి.

మార్కుల పరిశీలన, ఇంటి విచారణ ఏకకాలంలో జరగవచ్చు. అప్పుడు ఒక లావు గీతనుండి రెండు బాణాలు తీసి, రెండూ ముగిశాక మరో లావు గీత దగ్గర కలపాలి. ఆ తరువాతే చెక్కు.

పటం గీశాక, రోజూ ఆ పని చేసే గుమాస్తాగారి ముందు పెట్టండి. ఒక్కొక్క దరఖాస్తు దారినీ వేలితో చూపించమనండి. వేలు ఆగిన చోటే లోపమున్నట్టు. ఆ లోపం కాగితంమీదే దిద్దుకుంటే, మన పిల్లలు గడువులోపల ఫీజు కట్టగలుగుతారు.