రక్తములోని పాఠభేదములు
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

 

మన హాజరుపట్టీలో ఒక బాలిక పేరున ప్రతి మూడు వారములకు ఒక దినము గైరుహాజరు కనబడును. అది సోమరితనము గాదు. తలసీమియా అను పుట్టువ్యాధిచే ఆమె పరుల రక్తము నెక్కించుకొనుటకై ఆసుపత్రికి పోవుచున్నది. ఆమె తండ్రిగారి అనుమతితోనే, పేరు చెప్పక, ఈ సంగతిని మీ ముందుంచుచున్నాను. నేటి నా ప్రసంగమునకు ఆమెయే కారణము.

మొన్న ఎనిమిదవ తరగతి బాలుడొకడు, "అందరి రక్తమును ఎఱుపే కదండీ, ఎవరిది ఎవరికైన ఎక్కింపరాదా?" అని నన్నడిగెను. ఈ ప్రశ్నకు సమాధానమును 1901లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రకటించెను. ఒకరి రక్తద్రవము మఱియొకరి ఎఱ్ఱకణములను ముద్దలు గట్టించుటను చూచి, ఆయన రక్తమును వర్గములుగా విభజించెను. అందుకు 1930లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. నేడు ఏ, బి, ఓ వర్గములే గాక, నలుబదికి పైగా రక్తవర్గ వ్యవస్థలు గుర్తింపబడియున్నవి.

మనము నివసించు ఈ నగరము పేరు కూడ ఆ శాస్త్రమున నిలిచినది. 1952లో డాక్టర్ వై. ఎం. భెండే ప్రభృతులు ఒక విచిత్రమైన రక్తమును వర్ణించిరి. సాధారణ పరీక్షలో అది ఓ వర్గముగనే కనబడును. కాని ఓ వర్గమువారికి సైతముండు హెచ్ అను పదార్థము అందు లేదు. కావున అట్టివారికి ఓ రక్తము నెక్కించినను ప్రాణాపాయమే. దానికే 'బొంబాయి వర్గ'మని పేరు. పైపరీక్ష ఎంత మోసగింపగలదో దీనివలన తెలియుచున్నది.

ఈ భేదములన్నిటికి మూలము డి.ఎన్.ఏ. అను వ్రాతలో నున్నది. ఆ వ్రాతకు నాలుగే అక్షరములు. ఏ, బి, ఓ వర్గముల జన్యువును 1990లో యమమోటో ప్రభృతులు చదివిరి. ఏ వర్గమునకు, బి వర్గమునకు గల భేదము 354 అమినో ఆమ్లముల గొలుసులో నాలుగింట మాత్రమే. ఓ వర్గమువారిలో చాలమందికి ఆ జన్యువున ఒకే అక్షరము జారిపోయినది. వాక్యమున ఒక అక్షరము జారగా తరువాతి పదములన్నియు తప్పుగా విడిపోయినట్లు, ఆ వ్రాత యర్థమే చెడినది.

మాటిమాటికి పరుల రక్తము నెక్కించుకొను రోగి ఎఱ్ఱకణములు దాతల కణములతో కలిసిపోవుటచే, పాతపరీక్ష తికమక పడును. డి.ఎన్.ఏ. పరీక్ష రోగి యొక్క స్వంత వ్రాతనే చదువును గాన, ఏయే సూక్ష్మవర్గముల రక్తము సరిపడునో ముందే తెలుపగలదు. అయినను రక్తము నెక్కించుటకు ముందు రెండింటిని కలిపి చూచు పాతపద్ధతి నేటికిని తప్పనిసరియే.

రక్తము నెక్కించుట తాత్కాలికోపాయము. తలసీమియాను కుదుర్చగలది మూలుగ మార్పిడి. దానికి కణజాలము సరిపోలవలెను. తెల్లకణములపై నుండు ఈ గుర్తులలో మొదటిదానిని 1958లో జాఁ దోసే వర్ణించెను. 1980లో ఆయనయు నోబెల్ బహుమానమును పంచుకొనెను. ఈ హెచ్.ఎల్.ఏ. జన్యువులు ఆఱవ క్రోమోజోముపై నున్నవి. వీనికి ముప్పదివేలకు మించిన రూపములు గలవు.

పండితులు తాళపత్రప్రతులను సరిచూచి పాఠభేదములు గుర్తించుట మీరెఱుగుదురు. ఇదియు నట్టిదే. అయితే మనలో ప్రతివారికి తండ్రి ప్రతి యొకటి, తల్లి ప్రతి యొకటి, రెండు ప్రతులు గలవు. రెండింటిని చించి ముక్కలు కలిపివేసినచో, ఏ పాఠము ఏ ప్రతిలోనిదో తెలియుట కష్టము. నేటి యంత్రములు లక్షలాది ముక్కల నొక్కసారిగా చదువును. మఱికొన్ని పొడవైన పత్రమును తెగకుండ చదివి, ఆ చిక్కును విడదీయును.

ఒకే తలిదండ్రుల బిడ్డలలో ఒకరికొకరు పూర్తిగా సరిపోలుట నాలుగింట ఒక వంతు మాత్రమే. మన బాలికకు అన్న యొకడే, అతనిది సరిపోలలేదు. ఇక బయటి దాతనే వెదకవలెను. పూర్వుల నుండి వచ్చిన పాఠములు సాధారణముగా ఆ పూర్వుల సంతతిలోనే దొరకును. తరముల క్రిందట జీవనోపాధికై ఈ నగరమునకు వచ్చిన మనము భాషను కాపాడుకొంటిమి. ఆ భాషతోపాటు తెచ్చుకొనిన ఈ వ్రాత కూడ మనవారిలో నొకరికి ప్రాణము కావచ్చును. ఇది కులాభిమానపు మాట గాదు. సరిపోలినచో ఎవరిదైనను ఒకటే.

కాబట్టి పదునెనిమిదేండ్లు నిండిన పూర్వవిద్యార్థులకు నా విన్నపము: దాతల పట్టికలో పేరు చేర్చుకొనుడు. చెంపలోపల దూదిపుల్లతో తుడిచి యిచ్చిన చాలును. కాని పిలుపు వచ్చిననాడు వెనుదీయకుడు; ఆశపెట్టి మానుట, ఇయ్యకుండుట కంటె క్రూరము.

రాబోవు సంవత్సరపు హాజరుపట్టీలో ఆ బాలిక పేరున ఒక్క గైరుహాజరైనను లేకుండుట చూడవలెనని నా కోరిక.