మొండికేసే మొక్కల తరఫున



గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కట్టలుగా అమ్మే జెర్బెరాలు చాలావరకు టిష్యూ కల్చర్ నారు నుంచి వచ్చినవే. పువ్వుకు ధర ఉంది, ప్రయోగశాలలు దాని వెంట నడిచాయి. లూసర్న్, బొబ్బర, పిల్లిపెసర లాంటి మేత మొక్కల వెంట అంతమంది నడవలేదు. వాటి తరఫున మాట్లాడాలనే వచ్చాను.

విత్తనం చల్లితే మొలిచేదానికి టిష్యూ కల్చర్ సీసా ఎందుకని రైతు అడగవచ్చు. పచ్చి లూసర్న్ ఎక్కువ తింటే పశువుకు కడుపుబ్బరం వస్తుంది. అలాంటి లోపం సంకరంతో తీరనప్పుడు కణంలోనే మార్పు చేయాలి. ఆ కణం మళ్లీ నిండు మొక్క కాకపోతే చేసిందంతా వృథా.

కష్టమంతా అక్కడే. 1957లో శాస్త్రవేత్తలు స్కూగ్, మిల్లర్ పొగాకులో ఆక్సిన్, సైటోకైనిన్ హార్మోన్ల పాళ్లు మార్చి కోరినప్పుడు వేరు, కోరినప్పుడు మొలక తెప్పించారు. పప్పుజాతిలో ఆ కిటుకు చాలాసార్లు పారలేదు. సీసాలో పెట్టిన మొక్క ముక్క నల్లబడుతుంది, కేలస్ అనే కణాల ముద్ద గడ్డకట్టినట్టు పెరుగుతుంది, మొలక మాత్రం రాదు. 1975లో అమెరికాలో బింగమ్ బృందం కేలస్ నుంచి మొలకలిచ్చే గుణమున్న లూసర్న్ మొక్కలనే ఏరి, వాటిలో వాటికే సంకరం చేసి, రెండు విడతల్లో అలా మొలకలిచ్చే మొక్కల వాటాను 12 శాతం నుంచి 67 శాతానికి పెంచింది. గొప్ప పనే. కానీ అక్కడ మారింది మొక్క, పద్ధతి కాదు.

పటాన్‌చెరులో జరిగింది నాకు ఇంకా ఇష్టం. ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో కె.కె. శర్మ, వి. అంజయ్య వేరుశనగ గింజలో అంకురాన్ని తీసేసి, పప్పుబద్దను నిలువునా చీల్చి పెంచారు. 90 శాతానికి పైగా ముక్కలు చిగురించాయని 2000లో ప్రచురించారు. కేలస్ దారి వదిలి, చిగురించే చోటు వెతికారు. అనంతపురం రైతుకు వేరుశనగ కట్టె పశువుల మేత కూడా అని మరవకండి.

సీసా దాటాకా పని ఉంది. లోపల పెరిగిన ఆకుకు మైనపు పొర పలచన, ఎండ తగిలితే వాడుతుంది. లోపల సూక్ష్మజీవి ఉండదు కాబట్టి కుండీలోకి మార్చేటప్పుడు రైజోబియం బ్యాక్టీరియాను అందించాలి. అది లేకుంటే వేళ్లకు బుడిపెలు రావు.

పట్టాలు అందుకుని పరిశోధనకు వెళ్లేవారిని ఒకటి అడుగుతాను. వరి తరువాత మిగిలిన తేమతోనే ఎదిగే పిల్లిపెసరను మీ బల్ల మీదికి తెచ్చుకోండి. ఏ ముక్క, ఏ వయసు గింజ, ఏ మోతాదు చిగురించిందో రాయండి. చిగురించనివీ అంతే వివరంగా రాసి పెట్టండి.