పూతకు పట్టు



పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది లోహశాస్త్రం చదివారు. అందుకే నాకు ఎంతో ఇష్టమైన సంగతే మాట్లాడతాను. ఒక వస్తువు మీద వేసిన లోహపు పొర ఎందుకు నిలుస్తుంది? ఎందుకు పెచ్చులూడుతుంది?

శుభ్రమైన గాజు మీద శూన్యంలో బంగారాన్ని ఆవిరి చేసి పొరగా దింపండి. ధగధగా మెరుస్తుంది. టేపు అంటించి లాగితే మాత్రం పొర దాంతోపాటే ఊడి వస్తుంది. గాజు పైభాగాన ఎక్కువగా ఉండేది ఆక్సిజన్. బంగారం దాంతో కలవదు. ముందుగా ఐదో పదో నానోమీటర్ల క్రోమియం వేసి చూడండి. అది కింద గాజులోని ఆక్సిజన్‌ను, పైన బంగారాన్ని పట్టుకుంటుంది. మెరుపు బంగారానిది, నిలబెట్టేది క్రోమియం.

ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారికి ఇది ఏనాడో తెలుసు. గిన్నెను కాల్చి, నవసాగరం చల్లి రుద్దిన తర్వాతే తగరం పూస్తారు. నవసాగరం ఆక్సైడు పొరను తొలగిస్తుంది. అప్పుడు కరిగిన తగరం ఇత్తడిలోని రాగితో చర్య జరిపి, రెండూ కలిసిన సన్నని పొర పుడుతుంది. కళాయి నిలిచేది దాని బలంతోనే. ఆ పనివారి విద్యను మన తరగతి గదుల్లో గౌరవంగా చెప్పుకోవాలని నా కోరిక.

పట్టు ఉన్నా, పొర లోపలి బిగువు దాన్ని ఓడించగలదు. స్టోనీ అనే ఇంజినీరు స్టీలు పట్టీ మీద నికెల్ పూసి, పట్టీ ఎంత వంగిందో కొలిచి, ఆ బిగువును లెక్కగట్టి 1909లో ప్రచురించాడు. బిగువు అంతే ఉన్నా, మందం పెరిగేకొద్దీ పొరలో నిల్వ ఉండే శక్తి పెరుగుతుంది. అది పట్టును మించితే పూత చుట్టలు చుట్టుకుని లేచిపోతుంది. మందంగా వేస్తే గట్టిగా ఉంటుందన్న నమ్మకం ఈ రంగంలో చాలా ఖరీదైనది.

పట్టు, బిగువులతో పాటు పొర అల్లిక కూడా ముఖ్యం; అది పొర వేసేటప్పటి వేడిని బట్టి మారుతుంది. 1969లో మొవ్‌చన్, దెమ్‌చిషిన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని ఉష్ణోగ్రత మండలాలుగా విడదీసి చూపారు. పొర వేసే వస్తువు, అంటే ఆధారం, చల్లగా ఉంటే, వచ్చి పడిన పరమాణువులు కదలలేక స్తంభాల్లా పెరుగుతాయి. వాటి మధ్య సందుల్లోకి తేమ చేరుతుంది.

రేపు మీ నివేదికల్లో పూత మందం తప్పక రాస్తారు. ఆధారాన్ని ఎలా శుభ్రం చేశారో, ఎంత వేడి చేశారో, టేపు పరీక్షలో ఏం జరిగిందో కూడా రాయండి. పూత ఊడిన రోజున మీ తర్వాతివారు ముందుగా వెతికేది ఆ వివరాలనే.