దాదిపని నేర్పిన విద్య



మా అరకులోయ కొండగ్రామములలో ఆడపిల్ల కాస్త ఎదిగినది మొదలు దాని వీపున తమ్ముడో చెల్లెలో ఉండును. తల్లి కొండపోడునకు పోవును. పిల్ల పిల్లను మోయును. దీనిని మనమెవ్వరమును పనియని లెక్కింపము. అట్టివారిలో కొందఱు పెరిగి పెద్దవారై, ఘాటు దిగి విశాఖపట్టణము చేరి, ఉద్యోగస్థుల యిండ్లలో బిడ్డలను సాకు దాదులగుచున్నారు. నేనును అట్లు పోయినదాననే. ఆ పనినుండి మఱొక కొలువునకు నేనెట్లు వచ్చితినో, దారిలో ఏది అక్కఱకు వచ్చినదో, ఏది అడ్డుపడినదో మనవి చేసెదను.

ముందుగా ఒక మాట. నేను చెప్పునది యుక్తవయస్సు వచ్చినవారిని గూర్చి మాత్రమే. 2006 అక్టోబరు 10వ తేదీనుండి పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకొనుట చట్టవిరుద్ధము. అట్టి పిల్లను పంపుడని మీ యూరికి ఎవడైన వచ్చినచో వానిని వచ్చినదారినే పంపివేయుడు.

నేను పోయినప్పుడు నాకు పందొమ్మిదేండ్లు. ఆఱేండ్లు ఒకే యింట ఇద్దఱు బిడ్డలను పెంచితిని. విరేచనములైనప్పుడు ఓఆర్ఎస్ పొట్లమును లీటరు శుభ్రమైన నీటిలో కలిపి, చెంచాతో కొంచెము కొంచెముగా త్రాగించుట అచ్చటనే నేర్చితిని. ఒకసారి పెద్దబిడ్డకు జలుబు ముదిరినప్పుడు, చూడవచ్చిన వైద్యురాలు నా చేతికి గడియారమిచ్చి ఊపిరి లెక్కపెట్టించెను. రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డ నిమిషమునకు ఏబదిసార్లు గాని అంతకు మించి గాని, ఏడాది దాటి ఐదేండ్ల లోపు బిడ్డ నలుబదిసార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీసినచో జాగు చేయక ఆసుపత్రికి కొనిపోవలయునని చెప్పెను. ఆనాటినుండి నేనొక నోటుపుస్తకము పెట్టితిని. బిడ్డ ఎప్పుడు తినెను, ఎప్పుడు నిద్రించెను, జ్వరమెంత యుండెను, అన్నియు అందులో వ్రాసికొంటిని.

సెలవు తీసికొను దినమున ఇల్లాలిని ఒక పత్రము వ్రాసి యిమ్మని అడిగితిని. "బిడ్డ నెత్తుకొన్నదానికి పత్రమేమిటే?" అని ఆమె నవ్వెను. ఆమె చెడ్డది కాదు. మన యూరివారు లెక్కింపనిది ఆమెయు లెక్కింపలేదు, అంతే. నా చేత మిగిలినది ఆ నోటుపుస్తకమొక్కటే.

2012లో వివాహమై కొండకు తిరిగి వచ్చితిని. ఊరి అంగన్‌వాడీలో సహాయకురాలి ఖాళీ యుండెను. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము క్రింద నడచు కేంద్రమిది. సహాయకురాలిని మనవారు ఆయాయనియే పిలుతురు. పట్టణములోను ఆయానే, పల్లెలోను ఆయానే! అడిగినవారికి నా నోటుపుస్తకము చూపితిని. బిడ్డకు విరేచనములైన ఏమి చేయుదువని ప్రశ్నించిరి, తడబడక చెప్పితిని. పని దొరకెను.

అప్పుడు కార్యకర్త కావలెనన్న పదవతరగతి కావలసియుండెను. నా చదువు ఏడవతరగతితో ఆగినది. ఎంత అనుభవమున్నను ఆ లోటు పూడదు. సార్వత్రిక విద్యాపీఠమువారు పదునాలుగేండ్లు నిండినవారిని నేరుగా పదవతరగతి పరీక్షకు కట్టనిత్తురని తెలిసికొని, కేంద్రము మూసిన తరువాత చదువుకొంటిని. గణితము రెండుమాఱులు తప్పితిని. మూడవమాఱు గట్టెక్కితిని. 2019లో కార్యకర్త నైతిని.

ఇక అసలు కష్టము. దాదికి మొదట అలవడునది తలవంచుట. బిడ్డ నీ చేతిలోనున్నను మాట యజమానురాలిది. ఆఱేండ్ల ఆ అలవాటు నా మెడను విడువలేదు. ఒక యింట ఏడాదిన్నర బిడ్డ జబ్బకు కొలత పట్టీ చుట్టగా పదకొండున్నర సెంటీమీటర్లకు తక్కువై ఎఱుపుగీటులో నిలిచెను. అది తీవ్రమైన పోషకలోపమునకు గుర్తు. ఆసుపత్రికి పంపుడంటిని. ఇంటిపెద్ద, తాయెత్తు కట్టినాము, చాలుననెను. తలవంచి వచ్చితిని. మఱునాడు మరల పోయి, మరల తలవంచి వచ్చితిని. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మూడవనాడు ప్రక్కయింటి ఆ యీడు బిడ్డను చంకనెత్తుకొని పోయి, పెద్దాయన చేతికే పట్టీ యిచ్చి ఇద్దఱి జబ్బలును కొలువుమంటిని. ఆయన కొలిచెను. ఏమియు పలుకలేదు. లేచి తానే డోలీకి మనుష్యులను పిలిచెను. కొన్ని వారములకు ఆ బిడ్డ తిరిగి వచ్చి మా కేంద్రములో అన్నము తినెను.

మఱొకటి. పట్టణములో నేను కువి భాషను దాచుకొంటిని. పలికిన నవ్వుదురని భయము. ఇచ్చట మూడేండ్ల పిల్లలు నా తెలుగు పాటలకు గ్రుడ్లప్పగించి చూచిరి. కువిలో పిలిచినంతనే ఒడిలోనికి వచ్చిరి. దాచినదే పనిముట్టయ్యెను.

ఈ కొలువు భాగ్యములిచ్చునది కాదు. 2019లో కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, సహాయకురాలికి 7,000 రూపాయలు నిర్ణయించిరి. దానిని జీతమనరు, గౌరవవేతనమందురు! అయినను నా యూరిలో, నా బిడ్డల నడుమ ఉన్నాను. 2022లో కేంద్రప్రభుత్వమువారు వెలువరించిన మార్గదర్శకములలో కార్యకర్తల ఖాళీలలో సగము, ఐదేండ్ల అనుభవమును తగిన అర్హతయు గల సహాయకురాండ్రకు పదోన్నతిగా ఈయవలయునని యున్నది. ఆశా కార్యకర్తలు, నర్సుశిక్షణ మొదలగు దారులును కలవు. అన్నిటికిని చదువు గడపవంటిది.

పెద్దలారా, మీ యూరి పిల్ల దాదిపని చాలించి వచ్చినప్పుడు, ఇంతకాలము ఏమి సంపాదించితివని మాత్రమే అడుగకుడు. ఏమి నేర్చితివని అడుగుడు. పదవతరగతి రుసుమునకు చేయూతనిండు.

ఆ మధ్య అరకు శుక్రవారపుసంతలో ఒక పిల్ల కనబడెను. నాలుగేండ్లు పట్టణములో బిడ్డను సాకి వచ్చినదట. నీకేమి వచ్చునంటే, "ఏమియు రాదక్కా, బిడ్డ నెత్తుకొంటిని, అంతే" అనెను. ఒక నోటుపుస్తకము కొనియిచ్చి, బిడ్డకొఱకు చేసినదంతయు వ్రాయుమంటిని. మఱుసటి సంతకు పదకొండు పుటలు నింపి తెచ్చినది. పరీక్షకు కట్టు గడువెప్పుడని తానే అడిగినది.