చేతితో ఇంజను త్రిప్పుట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

గ్రామ లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల భారత భాగవతములు తిరుగవేయు నాకు డీజిలు లారీ సంగతి యేలయని కొందరు నవ్వుచున్నారు. నవ్వనిండు. ఈ గ్రంథాలయమునకు వచ్చు యువకులలో పెక్కుమంది లారీలపైనను ట్రాక్టరులపైనను బ్రదుకుచున్నవారే. వారికొఱకు నేను కన్నులార చూచిన దొకటి విన్నవించెదను.

ఒక వానకాలమున ధాన్యపు బస్తాల లారీ యొకటి వాగు దాటుచు నడినీటిలో ఆగిపోయినది. ట్రాక్టరుతో లాగి యొడ్డునకు జేర్చిరి. డ్రైవరు తాళము త్రిప్పబోగా మన యూరి వృద్ధ మేస్త్రి చేయి పట్టుకొని యాపెను. “నాయనా, స్టార్టరు ముట్టబోకు. ముందు చేతితో త్రిప్పి చూతము” అనెను.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. పిస్టను గాలిని సుమారు 16 మొదలు 20 వంతులలో నొక వంతునకు అణచును. ఆ యొత్తిడికి గాలి కాగి, అందు చిమ్మిన డీజిలు తనంత తానే అంటుకొనును. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమున రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజనుకు మూలసూత్ర మిదియే. అయితే గాలి అణగును గాని నీరు అణగదు. గాలి పీల్చు గొట్టము వెంట నీరు సిలిండరులో జేరియుండగా స్టార్టరు బలముతో త్రిప్పినచో, పైకి వచ్చు పిస్టనుకు చోటు లేక కనెక్టింగు రాడ్డు వంగిపోవచ్చును. ఆ దెబ్బతో లారీ యజమాని సంసారమును వంగును.

మేస్త్రి గేరు న్యూట్రలులో నుంచి, చక్రములకు రాళ్లు పెట్టించి, బ్యాటరీ తీగ విప్పించెను. “తాళము నా జేబులో నున్నది గదా, తీగ యెందుకు?” అని డ్రైవరు విసుగుకొనెను. మేస్త్రి తన కుడిచేతిని చూపెను. రెండు వ్రేళ్లు లేవు. యౌవనమున ఒక షెడ్డులో ఫ్లైవీలు పండ్లకు కమ్మి తగిలించి త్రిప్పుచుండగా, పైన కూర్చున్నవాడెవడో తెలియక స్టార్టరు నొక్కెనట. ఈ మాట ఆయన కోపము లేకయే చెప్పెను. నాకు మాత్రము ఒడలు జలదరించినది.

తరువాత ముందు పుల్లీ నడుమనున్న బోల్టునకు పెద్ద పానా తగిలించి, ఎదుట నిలిచి చూచువారికి గడియారపు ముల్లు తిరుగు దిక్కుగా త్రిప్పెను. పావు చుట్టు తిరిగి నిలిచిపోయినది. క్లీనరు కుఱ్ఱవాడు పానాకు గొట్టము తొడిగి లాగుదమనెను. “గాలి యైనచో స్ప్రింగువలె ఎదురుతన్ని మెల్లగా లొంగును. ఇది గోడవలె నిలిచినది. నీరురా అబ్బాయీ!” అని మేస్త్రి వారించెను. ఆఱు ఇంజెక్టరులును విప్పి మరల త్రిప్పగా, రెండు రంధ్రములనుండి బురదనీరు బుడబుడ పొంగి వెలికి వచ్చినది. ఇంజను ఆయిలును, గాలి వడపోతను మార్చిరి.

మరునాడు టాపెట్లు సరిచూచుటకు నన్ను పిలిచి చేతికి సుద్దముక్క నిచ్చెను. లెక్క నా వృత్తి గదా! సిలిండరులు ఆఱు. అన్నియు ఒక్కొక్కసారి పని ముగించుటకు రెండు చుట్లు, అనగా 720 డిగ్రీలు. ఆఱింట భాగింప 120. పుల్లీపై మూడు సమభాగములుగా గీతలు గీచితిని. ఆ ఇంజను పేలు వరుస 1-5-3-6-2-4. ఆఱవదాని వాల్వులు ఒకటి మూసికొనుచు, ఒకటి తెఱచుకొనుచు ఊగులాడు వేళ, మొదటిదాని వాల్వులు రెండును మూసియుండును. అప్పుడు వాని సందును ఫీలరు గేజితో కొలువవలెను. ఆ సందు మిల్లీమీటరులో కొన్ని పదవ వంతులే. ఇంజనునుబట్టి మారును గనుక తయారుచేసినవారి పుస్తకమే ప్రమాణము.

క్షీరసాగర మథనమున దేవతలొక ప్రక్కకును దానవులొక ప్రక్కకును లాగిరి గదా. ఇచ్చట నట్లు కుదరదు. గీత దాటినచో కొంచెము వెనుకకు త్రిప్పి గీతపై నిలుపరాదట. గేరు పండ్ల నడుమ సందు వలన లెక్క తప్పును. నా తొందరవలన ఒకసారి గీత దాటిపోగా మరల రెండు చుట్లు త్రిప్పవలసి వచ్చినది. ఇంజెక్టరులు ఇంకను బిగింపలేదు గావున బ్రదికితిని.

సాయంకాలమునకు అన్నియు బిగించిరి. డ్రైవరు ఉత్సాహముతో సీటెక్కెను. క్లీనరు బ్యాటరీ తీగ చేతబట్టెను. అప్పుడు మేస్త్రి నా వైపు తిరిగి, “పంతులుగారూ, పానా యెక్కడ?” అని యడిగెను.

అది పుల్లీ బోల్టునకే తగులుకొని యున్నది.